ఆడిట్ కమిటీల పాఠాన్ని నేను చదువుకున్న తీరు: గ్రేడ్ బి ఫేజ్ 2 రాయబోయే మిత్రులకు

రిజర్వు బ్యాంకు అధికారుల నియామక పరీక్ష అయిన గ్రేడ్ బి ఫేజ్ 2లో ఫైనాన్స్ అండ్ మేనేజ్‌మెంట్ పేపరుకు సిద్ధమవుతున్నవారిలో చాలామంది, బోర్డు కమిటీల భాగానికి వచ్చేసరికి సభ్యులెందరు, కోరం (సమావేశానికి కావలసిన కనీస హాజరు) ఎంత, ఎన్నాళ్లకోసారి సమావేశం అని ఒక పట్టిక వేసుకుని బట్టీపట్టి ముందుకు సాగిపోతుంటారు. ఒంగోలు గ్రంథాలయంలో నాతోపాటు చదువుకున్నవారిలోనూ ఎక్కువమందిది ఇదే పద్ధతి. ఆబ్జెక్టివ్ ప్రశ్నలకు ఆ పట్టిక పనికివస్తుంది. అంతర్గత నియంత్రణపై నియంత్రణ సంస్థ పర్యవేక్షణ ఎలా సాగుతుందో వివరించమని 15 మార్కులకు అడిగితే మాత్రం దానితో అరపేజీ కూడా నిండదు. అందుకే ప్రతి నిబంధన దగ్గరా ఆగి, ఇది ఎవరి చేతిని ఏ పనికి దూరంగా ఉంచుతోంది అని ప్రశ్నించుకుంటూ చదవమని నా సలహా.

బ్యాంకు బోర్డు కమిటీలపై రిజర్వు బ్యాంకు ఇచ్చిన 2021 ఏప్రిల్ 26 నాటి సర్క్యులర్‌నే తీసుకోండి. లెక్కలను, తనిఖీలను పర్యవేక్షించే ఆడిట్ కమిటీలో అందరూ నాన్-ఎగ్జిక్యూటివ్ (రోజువారీ నిర్వహణలో లేని) డైరెక్టర్లే ఉండాలి, బోర్డు చైర్మన్ అందులో సభ్యుడు కారాదు, కోరం ముగ్గురు, హాజరైనవారిలో కనీసం మూడింట రెండు వంతులు స్వతంత్ర డైరెక్టర్లు కావాలి, మూడు నెలలకోసారైనా సమావేశం జరగాలి. ఇవి అందరూ చదివేవే. చాలామంది దాటేసే షరతు మరొకటి ఉంది. ఈ కమిటీకి అధ్యక్షత వహించే స్వతంత్ర డైరెక్టరు మరే బోర్డు కమిటీకీ అధ్యక్షుడిగా ఉండరాదు, రుణాలు మంజూరు చేసే అధికారమున్న ఏ కమిటీలోనూ సభ్యుడిగా ఉండరాదు. అప్పు ఇచ్చిన చేయే ఆ అప్పును తనిఖీ చేయకూడదన్న సూత్రం ఇక్కడ అక్షరాలా కనబడుతుంది.

ఈ సూత్రాన్ని అన్నిటికంటే కింది మెట్టులో చూడాలనుకుంటే మన ప్రాంతంలో ఏ బ్యాంకు శాఖకైనా వెళ్లి బంగారం రుణాల కౌంటరు దగ్గర కాసేపు నిలబడితే చాలు. పొగాకు పెట్టుబడి కోసం మా పిన్ని నగలు తాకట్టు పెట్టినప్పుడు నేను కందుకూరులో ఆమె పక్కనే ఉన్నాను. అప్రైజరు గాజులను గీటురాయిపై గీసి, తూకం వేసి, బరువును పిన్నికి చూపించి రాసుకున్నాడు. ఆ తరువాత సంచికి సీలు వేసి సంతకాలు చేశారు. స్ట్రాంగ్ రూమ్ తెరవడానికి మేనేజరు ఒక తాళంచెవి, క్యాషియరు మరొక తాళంచెవి తీసుకుని కలిసి వెళ్లారు. 2024 సెప్టెంబరు 30న రిజర్వు బ్యాంకు బంగారం రుణాల్లోని లోపాలను ఎత్తిచూపినప్పుడు, ఖాతాదారు ఎదుట లేకుండా విలువ కట్టడం కూడా ఆ జాబితాలో ఉంది. తమ విధానాలను సమగ్రంగా సమీక్షించుకుని, తీసుకున్న చర్యలను మూడు నెలల్లోగా తెలియజేయాలని రుణసంస్థలను అప్పుడే ఆదేశించింది. జవాబులో ఈ ఉదాహరణ వాడితే విషయం మీకు అర్థమైందని దిద్దేవారికి వెంటనే తెలుస్తుంది.

శాఖలోని రెండు తాళాల నుంచి బోర్డు గది వరకు ఉన్న దారిలో కీలకమైన వ్యక్తి ఇంటర్నల్ ఆడిట్ (బ్యాంకు సొంత తనిఖీ విభాగం) అధిపతి. 2021 జనవరి 7 నాటి సర్క్యులర్ ఈయన స్వేచ్ఛను ఎంత జాగ్రత్తగా కాపాడిందో గమనించండి. వ్యాపార విభాగాలకు ఈయన జవాబుదారీ కారాదు, ఈయనకు వ్యాపార లక్ష్యాలు అప్పగించరాదు. నివేదించేది ఆడిట్ కమిటీకి గానీ, ఎండీకి (మేనేజింగ్ డైరెక్టరుకు) లేదా పూర్తికాలపు డైరెక్టరుకు గానీ కావచ్చు. ఎండీకి నివేదించే ఏర్పాటు ఉన్నచోట, పనితీరు మదింపును సమీక్షించే అధికారం ఆడిట్ కమిటీ చేతిలోనే ఉంటుంది. అంతేకాక, ఎండీతో సహా ఉన్నతాధికారులెవరూ లేకుండా ఆ కమిటీ మూడు నెలలకోసారైనా ఈయనతో విడిగా సమావేశం కావాలి. యజమాని ఎదుట నోరు విప్పలేని తనిఖీదారు ఉన్నా లేనట్టే కనుక, ఈ అధ్యాయం మొత్తంలో ఇంతకంటే విలువైన నిబంధన లేదని నా అభిప్రాయం.

రిస్కు ఎక్కువున్నచోట తనిఖీపై ఎక్కువ దృష్టి పెట్టే రిస్కు ఆధారిత ఇంటర్నల్ ఆడిట్‌ను 2021 ఫిబ్రవరి 3న డిపాజిట్లు తీసుకునే ఎన్‌బీఎఫ్‌సీ (బ్యాంకేతర ఆర్థిక సంస్థ)లన్నిటికీ, 5,000 కోట్లు అంతకు మించిన ఆస్తులున్న ఇతర ఎన్‌బీఎఫ్‌సీలకూ, 500 కోట్లు అంతకు మించిన ఆస్తులున్న పట్టణ సహకార బ్యాంకులకూ విస్తరించారు. చరిత్ర విషయానికి వస్తే, మోసాలపై ఘోష్ కమిటీ, అంతర్గత నియంత్రణపై జిలానీ కమిటీ, రిజర్వు బ్యాంకు పర్యవేక్షణ పనిని చూసేందుకు 1994 నవంబరులో ఏర్పడిన ఫైనాన్షియల్ సూపర్‌విజన్ బోర్డు గుర్తుంటే చాలు.

రిజర్వు బ్యాంకు ప్రతి వోచరునూ తిరగేయదు, తిరగేయవలసినవారు స్వేచ్ఛగా, సక్రమంగా పనిచేస్తున్నారా అని చూస్తుంది. ఆ ఏర్పాటు ఎక్కడ విఫలం కాగలదో పంజాబ్ నేషనల్ బ్యాంకు ఉదంతం చెబుతుంది. బ్యాంకుల మధ్య సందేశాలు పంపే స్విఫ్ట్ ద్వారా వెళ్లిన హామీ పత్రాలు బ్యాంకు సొంత ఖాతాల వ్యవస్థ అయిన కోర్ బ్యాంకింగ్‌లో నమోదు కాకపోవడంతో, అన్ని అంచెల ఆడిట్ ఉండి కూడా మోసం 2018 వరకు బయటపడలేదు. స్విఫ్ట్ దుర్వినియోగం గురించి 2016 ఆగస్టు నుంచి కనీసం మూడుసార్లు బ్యాంకులను హెచ్చరించామని రిజర్వు బ్యాంకు 2018 ఫిబ్రవరి 20న ప్రకటించి, బ్యాంకు మోసాలు పెరగడానికి కారణాలను కూడా పరిశీలించేందుకు అదే రోజు మాలెగాం కమిటీని నియమించింది. హెచ్చరిక అందిన తరువాత అది అమలైందో లేదో చూడవలసిన బాధ్యత ఎవరిది? ఈ ప్రశ్న మీద మీ సొంత అభిప్రాయం ఏర్పరచుకుని పరీక్షకు వెళ్లండి. బ్యాంకింగ్ నియంత్రణ చట్టం 1949లోని 35వ సెక్షన్ తనిఖీకి, 47ఎ జరిమానాకు, 36ఎసిఎ బోర్డును తొలగించడానికి అధికారమిస్తాయి. వాదనకు బలం ఈ మూడింటి నుంచి వస్తుంది.

రోజువారీ చదువులో రిజర్వు బ్యాంకు విడుదల చేసే జరిమానా ప్రకటనలను వదలకండి. ఒక్కొక్కటి ఒకటి రెండు పేజీలకు మించదు. ఏ నిబంధన, ఏ ఉల్లంఘన, నోటీసు ఎందుకు ఇచ్చారు, సంస్థ జవాబును పరిశీలించాక ఏం తేల్చారు అన్నవి ఉంటాయి. ఖాతాదారులతో సంస్థ చేసుకున్న లావాదేవీల చెల్లుబాటుపై ఇది తీర్పు కాదన్న వాక్యం దాదాపు ప్రతిదానిలోనూ కనబడుతుంది. ఆ వాక్యం ఎందుకుందో ఆలోచిస్తే పర్యవేక్షణకు గల హద్దు అర్థమవుతుంది. రాసేటప్పుడు 15 మార్కుల జవాబుకైతే శాఖ నుంచి మొదలుపెట్టి బోర్డుకు, అక్కడి నుంచి రిజర్వు బ్యాంకుకు వెళ్లండి. 10 మార్కులదైతే చరిత్రను ఒక్క వాక్యానికి కుదించి, ఆడిట్ అధిపతి స్వేచ్ఛ గురించిన నిబంధనకు మాత్రం చోటు తగ్గించకండి.