అర బకెట్ నీళ్లు

మా కాలేజీ పాత విద్యార్థుల కోసం వేస్తున్న ఈ సంచికకు కన్వీనర్ మా బ్యాచ్‌వాడే. హాస్టల్లో నా పక్క రూమ్. "ఒరేయ్, దేశం మొత్తం భుజాల సర్జన్లకు ప్రెసిడెంటువి అయ్యావు కదా, దాని గురించి రెండు పేజీలు రాయి. మెడలో ఆ పతకం వేసుకున్న ఫోటో ఒకటి పంపు" అని ఫోన్ చేశాడు. రాద్దామని కూర్చున్న ప్రతిసారీ నాకు పతకం గుర్తు రావడం లేదు, ఒక బకెట్ గుర్తొస్తోంది. నీలం రంగు ప్లాస్టిక్ బకెట్, పిడి ఒక పక్క ఊడితే గుడ్డ పేలికతో కట్టింది. కాబట్టి ముందు బకెట్ సంగతి.

కర్నూలు పెద్దాసుపత్రి క్యాజువాలిటీలో నేను హౌస్ సర్జన్‌ని. మే నెల. మన ఊరి ఎండ గురించి ఈ సంచిక చదివేవాళ్లకు చెప్పక్కర్లేదు, రాత్రి పదకొండుకు కూడా గోడ మీద చెయ్యి పెడితే చుర్రుమంటుంది. మార్కెట్ యార్డు నుంచి ఒక హమాలీని తీసుకొచ్చారు. యాభై దాటిన మనిషి. లారీ మీంచి ఎర్రగడ్డల బస్తా దించుతుంటే కాలు జారి, చెయ్యి వెనక్కి మెలిపడింది. కుడిచేతిని ఎడమచేత్తో చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు పొదివి పట్టుకుని బెంచీ మీద కూర్చున్నాడు. గుండ్రంగా ఉండాల్సిన భుజం పలక మూలలాగా తేలి ఉంది.

"గూడ జారింది సారూ. బిరీన ఎక్కియ్యి, తెల్లారి లోడుంది" అన్నాడు. డయాగ్నసిస్ ఆయనే చెప్పేశాడు. ఇక నేను చేయాల్సింది ఎక్కించడమే.

షూ విప్పాను. పేషెంటును పడుకోబెట్టి, చంకలో నా మడమ ఆనించి, మణికట్టు పట్టుకుని లాగాను. హిప్పోక్రాటిస్ పేరుతో ఉన్న పద్ధతి, ముందురోజే చదివాను. రాలేదు. వార్డ్ బాయ్ ఆయన ఛాతీకి దుప్పటి చుట్టి అటు లాగాడు, నేను ఇటు లాగాను. నేను ఎంత లాగితే ఆ మనిషి అంత బిగుసుకున్నాడు. పళ్లు కొరుకుతున్నాడే గానీ అరవలేదు. నా చొక్కా తడిసి ఒంటికి అతుక్కుంది.

మా చీఫ్ సార్ ఎప్పుడొచ్చారో చూసుకోలేదు. "ఏమప్పా, బావిలో నీళ్లు తోడుతున్నావా?" అన్నారు. తర్వాత రెండో ప్రశ్న: "నరం చూసినావా?"

చూడలేదు. గూడ జారినప్పుడు దాని కిందుగా చుట్టుకుపోయే నరం నలిగే అవకాశం ఉంది. లాగకముందే భుజం బయటి వైపు, పోలీసుల బ్యాడ్జీ ఉండే చోట, తాకితే తెలుస్తోందా అని అడగాలి. అడక్కుండా లాగి, ఆ తర్వాత స్పర్శ లేదని తేలితే అది దెబ్బతో పోయిందో నీ లాగుడుతో పోయిందో దేవుడికే తెలుస్తుంది. సార్ దూది ముక్క తీసి ఆ చోట రాశారు. "తెలుస్తాందా పెద్దాయనా?" "తెలుస్తాంది సామీ." అప్పుడు నా ప్రాణం లేచొచ్చింది.

ఆ మనిషిని బోర్లా పడుకోబెట్టించారు. ఛాతీ కింద దిండు, చెయ్యి బల్ల అంచు నుంచి కిందికి వేలాడుతూ. నొప్పికి ఒక ఇంజెక్షన్. బాత్‌రూములోంచి ఆ నీలం బకెట్ తెప్పించి, సగానికి నీళ్లు పట్టించి, మణికట్టుకు మెత్తగా బ్యాండేజీ చుట్టి దానికి తగిలించారు. "టీ తాగొద్దాం రా" అన్నారు.

నాకు మనసంతా క్యాజువాలిటీలోనే ఉంది. గేటు బయట ఆయన టీ సగం తాగి, బన్ను ముంచుకుని తిని, బండివాడితో వాళ్లబ్బాయి చదువు గురించి మాట్లాడి, ఇరవై నిమిషాలకు గానీ లేవలేదు. మేం వచ్చేసరికి సిస్టర్ నవ్వుతోంది. "నిద్రపోయాడు సార్." భుజం గుండ్రంగా ఉంది. ఎప్పుడు ఎక్కిందో ఎవరూ చూడలేదు. సార్ మళ్లీ దూదితో అదే చోట తాకి చూసి, ఎక్స్‌రే రాయమని నాకు చెప్పి వెళ్లిపోయారు.

కండరం నొప్పితో బిగుసుకుంటుంది, లాగితే ఇంకా బిగుస్తుంది. చిన్న బరువు కట్టి వదిలేస్తే కాసేపటికి అలిసిపోయి తనే వదులుతుంది. న్యూయార్క్ సర్జన్ స్టిమ్సన్ దీన్ని 1900లోనే రాశాడని, ఆయన కట్టింది పది పౌండ్లని తర్వాత చదువుకున్నాను. అర బకెట్ నీళ్లు లెక్కేస్తే అటూ ఇటూగా అంతే. సార్ మాత్రం ఏ పేరూ చెప్పలేదు.

"మూడు వారాలు బరువు ఎత్తొద్దు, వారానికి వచ్చి చూపించు" అని చేతికి స్లింగ్ వేసి పంపాను. "రెక్కాడితే గానీ డొక్కాడదు సారూ" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. మళ్లీ రాలేదు. ఆ భుజం తర్వాత ఇంకోసారి జారిందో, తెల్లారి లోడు ఎత్తాడో నాకు ఈరోజుకీ తెలియదు. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి, దీంతో పని ఉంది.

భుజాల వైపు ఎందుకు వెళ్లావని చాలామంది అడుగుతారు. మా రోజుల్లో ఆర్థోపెడిక్స్ అంటే విరిగిన తొడ ఎముకలు. తర్వాత మోకాళ్ల మార్పిడి వచ్చింది, అందరూ అటు పరిగెత్తారు. భుజం ఎవరికీ పట్టని కీలు. శరీరంలో అన్నిటికంటే ఎక్కువ తిరిగేదీ అదే, ఎక్కువగా జారేదీ అదే. టీ సాసర్ మీద బత్తాయి పండు నిలబెట్టినట్టుంటుంది దాని అమరిక: బంతిలో నాలుగో వంతో, మూడో వంతో మాత్రమే గిన్నెను తాకుతుంది. మిగతాదంతా కండరాల పుణ్యం. బేతంచెర్ల బండలు మోసినవాళ్లకీ, బస్తాలు మోసినవాళ్లకీ ఆ కండరాలను ఎముకకు పట్టి ఉంచే తాళ్లు లోపల చిరిగిపోయి ఉంటాయి. "చెయ్యి లేయట్లేదు సారూ" అని వస్తారు. హౌస్ సర్జన్సీలో వాళ్లకు నొప్పి బిళ్లలు రాసి పంపేవాణ్ణి. చేయగలిగిందేమిటో నాకు తెలియదు.

అమెరికాలోనే భుజం సర్జన్లు ఒక సంఘంగా ఏర్పడింది 1982లో, చార్లెస్ నీర్ తొలి అధ్యక్షుడుగా. మన దగ్గర ఇంకా ఆలస్యం. నేను చేరిన కొత్తల్లో మా సమావేశానికి వచ్చినవాళ్లందరం ఒకే వరుసలో కూర్చుని భోంచేశాం.

ఇక పదవి. నిజం చెప్పాలంటే అందులో ముప్పాతిక భాగం పెళ్లిపెద్దతనం. పదిహేను నిమిషాల ఉపన్యాసం స్లాటు కోసం ముప్పై ఫోన్లు వస్తాయి. టీ కౌంటరు పక్క స్టాలు ఏ ఇంప్లాంట్ కంపెనీకి అని తగువులు. శవాల మీద ప్రాక్టీసు చేయించే వర్క్‌షాపుకు అనుమతులు. జనరల్ బాడీ మీటింగు ఎప్పుడూ చివరి సెషన్ అయ్యాక పెడతారు, కోరం ఉండదు, అరగంట వాయిదా వేసి మళ్లీ అదే గదిలో అదే మనుషులతో మొదలుపెడతారు. అప్పటికి బయటినుంచి బిర్యానీ వాసన లోపలికి వస్తుంటుంది. ఆ వాసనకు ఎంత పెద్ద తీర్మానమైనా పాసైపోతుంది అనుకునేవాణ్ణి. నాది కాలేదు.

నా తీర్మానం ఇది. సభ్యులు చేసే ప్రతి భుజం ఆపరేషనూ ఒక ఉమ్మడి రిజిస్టరులో ఎక్కించాలి, ఏడాది తర్వాత ఆ పేషెంటు ఎలా ఉన్నాడో కూడా రాయాలి. తప్పనిసరిగా. హమాలీ పెద్దాయన నా మనసులో ఉన్నాడు గానీ, వేదిక మీద ఆయన పేరెత్తలేదు. కాడ్‌మన్ కథ చెప్పాను.

మన ఫిజియోథెరపీ డిపార్టుమెంటులో ముందుకు వంగి చెయ్యి గడియారం లోలకంలా ఊపిస్తారే, ఆ కాడ్‌మనే. బోస్టన్ సర్జను. భుజం మీద 1934లో పెద్ద గ్రంథం రాసినవాడు. అంతకు చాలాముందు నుంచే ఆయనకు ఒకటే పిచ్చి: ఆపరేషన్ చేసిన ప్రతివాడినీ వెతికి పట్టుకుని చివరికి ఏమైందో రాసుకోవాలి, తప్పు జరిగితే అదీ రాయాలి, అచ్చువేయాలి. తోటివాళ్లకు నచ్చలేదు. 1915 జనవరిలో అక్కడి జిల్లా వైద్య సంఘం సర్జన్ల విభాగానికి ఆయన అధ్యక్షుడుగా ఉండి, నిండు సభలో ఒక కార్టూను ప్రదర్శించాడు. తల ఇసుకలో దూర్చిన నిప్పుకోడి ఒకటి బంగారు గుడ్లను కాళ్లతో డాక్టర్ల వైపు తన్నుతుంటుంది. నిప్పుకోడి అంటే డబ్బున్న పేషెంట్లు. పెద్ద గొడవైంది, ఆ కుర్చీలోంచి ఆయన్ను దించేశారు.

ఈ కథ వింటే అందరూ కదిలిపోతారనుకున్నాను. వెనక వరుసలోంచి ఒకాయన లేచి, "ప్రెసిడెంట్ గారూ, ఆయన్ను దించేశారని మీరే చెప్తున్నారు కదా" అన్నాడు. హాలంతా నవ్వింది. తర్వాత అసలు గొడవ మొదలైంది. ఫలితాలు రాసిస్తే రేపు కోర్టులో మామీదే వాడరా? చిన్న ఊళ్లో ఒంటరిగా ప్రాక్టీసు చేసేవాడికి ఏడాది తర్వాత పేషెంటు ఎక్కడ దొరుకుతాడు? డేటా ఎక్కించే మనిషికి జీతం ఎవరిస్తారు? ఒక్కటీ పనికిమాలిన ప్రశ్న కాదు. కానీ నేను ప్రెసిడెంటుని కదా, పట్టు పట్టాను. నేను లాగినకొద్దీ వాళ్లు బిగుసుకున్నారు. నలభై నిమిషాలు. చివరికి తీర్మానం వీగిపోయింది, బిర్యానీ చల్లారిపోయింది, రెండు నేరాలూ నా మీదే.

ఆ రాత్రి హోటల్ గదిలో కూర్చుంటే చీఫ్ సార్ మాట వినిపించింది. బావిలో నీళ్లు తోడుతున్నావా?

మూడు నెలలు రిజిస్టరు పేరెత్తలేదు. తర్వాత ఇష్టమున్నవాళ్లకు ఒక ఫారం పంపాను. పేషెంటు పేరుండదు, డాక్టరు పేరుండదు. మూడే ప్రశ్నలు: వయసెంత, ఏం చేశారు, ఏడాదికి ఫోన్ చేసి అడిగితే తల దువ్వుకోగలుగుతున్నారా. భుజం పనితీరుకు మార్కులు వేసే స్కోర్లు మా దగ్గర బోలెడున్నాయి, అవేవీ పెట్టలేదు. భుజం బాగుందో లేదో తల దువ్వుకోవడం చెప్పినంత ఏ స్కోరూ చెప్పదని నా నమ్మకం. మొదటి నెలలో తొమ్మిది ఫారాలు వచ్చాయి. అందులో నాలుగు నావే. పదవి దిగేనాటికి, ఆ వెనక వరుస ఆయన కూడా పంపుతున్నాడు. గొప్ప విజయమేమీ కాదు. సగానికి పైగా సభ్యులు ఇప్పటికీ పంపరు.

ఇంకో తీర్మానాన్ని నేనే ఆపాను. నాటువైద్యులు ఎముకలు కట్టడాన్ని ఖండిద్దామని ఒక మిత్రుడు రాసుకొచ్చాడు. సీమలో పుట్టినవాణ్ణి, నాకది మింగుడుపడలేదు. చెయ్యి విరిగితే మనవాళ్ల నోట మొదట వచ్చే మాట పుత్తూరు కట్టు. సుశ్రుతుడు గూడ జారితే రోకలితో చంకను పైకెత్తి, కీలు చోటికి వచ్చాక స్వస్తికం కట్టు కట్టమన్నాడు. ఆ రోకలికీ నేను పెట్టిన మడమకీ పెద్ద తేడా ఏముంది? నరం చూడకపోతే ఎవరు చేసినా తప్పే. ఖండన తీసేసి, ఏ భుజాన్ని వెంటనే ఆసుపత్రికి పంపాలో చెప్పే ఒక బొమ్మల పోస్టరు వేద్దామన్నాను. వేశాం. తెలుగు పోస్టరులో బొమ్మ కింద "గూడ జారితే" అనే రాయించాను, కమిటీలో హైదరాబాద్ వాళ్లు "భుజం స్థానభ్రంశం" అనాలని ఎంత పట్టుబట్టినా.

దసరా వెళ్లిన తెల్లారి దేవరగట్టు బన్ని ఉత్సవంలో కర్రల సమరం వార్తలు టీవీలో చూసినప్పుడల్లా ఆ రోజు డ్యూటీలో ఉన్న పిల్లల గురించి ఆలోచిస్తాను. కర్రల దెబ్బలకు తలలే ఎక్కువ పగులుతాయి, ఆ హడావిడిలో జారిన గూడ ఒకటి ఎక్కడో మూలన కూర్చుని ఉంటుంది, చెయ్యి పొదివి పట్టుకుని.

పతకం సంగతి అడిగాడు కదా కన్వీనర్, అది కూడా చెప్పేస్తాను. పదవి రెండో ఏడు మొదట్లో నా ఎడమ భుజం పట్టేసింది. ఫ్రోజెన్ షోల్డర్. ఆ పేరు పెట్టిందీ కాడ్‌మనే. షుగరున్నవాళ్లకు ఎక్కువగా వస్తుంది, నాకు షుగరు ఉంది, ఇందులో వింతేం లేదు. ముందు నెలల తరబడి నొప్పి, తర్వాత నెలల తరబడి బిగుసుకుపోవడం, ఆ తర్వాత దానంతటదే మెల్లగా వదలడం. మొత్తం ఏడాది నుంచి మూడేళ్లు పట్టొచ్చు. దేశంలోని భుజం సర్జన్ల అధ్యక్షుడు బ్లేజరు తొడుక్కోవడానికి భార్య సాయం తీసుకునేవాడు. సభల్లో శాలువా కప్పుతుంటే నవ్వుతూ పళ్లు బిగించేవాణ్ణి. తెల్లవారుజామున హోటల్ గదుల్లో కుర్చీ పట్టుకుని వంగి చెయ్యి ఊపుకునేవాణ్ణి. ఎవరికీ చెప్పలేదు. చెబితే నాలుగొందల మంది నాలుగొందల వైద్యాలు చెబుతారు, అందరూ స్పెషలిస్టులే మరి.

పదవి అప్పగించే రోజు వేదిక మీద నా మెడలోని పతకం తీసి కొత్త అధ్యక్షుడి మెడలో వేయాలి. ఆయన ఆరడుగులపైన మనిషి. ఫోటోగ్రాఫర్లు రెడీ. కుడిచెయ్యి లేచింది. ఎడమది ఛాతీ దాటి పైకి రావడం లేదు. రిబ్బను ఒక పక్కకు వాలిపోయింది. ఆయన ఒక్క క్షణం నా మోచేతి వైపు చూశాడు, అర్థమైపోయింది, నమస్కారం పెడుతున్నట్టు బాగా వంగి తలను నా రిబ్బన్లోకి తనే దూర్చుకున్నాడు. చప్పట్లు మోగుతుంటే చెవి దగ్గర మెల్లగా అడిగాడు.

"ఎన్నో నెల సార్?"

"పద్నాలుగు" అన్నాను.