హైమా దారిలో ఓరిక్స్

ఒమన్‌లో మస్కట్ నుంచి సలాలాకు లోడ్ తీసుకెళ్లేటప్పుడు హైమాలో టీకి ఆగడం నాకు పదకొండేళ్లుగా అలవాటు. మొన్న సెలవు దొరికితే, పర్మిషన్ తీసుకుని అక్కడి అభయారణ్యంలోకి వెళ్లాను. కంచె అవతల తెల్లటి ఓరిక్స్ అనే ఎడారి జింకల మంద. నిటారు కొమ్ములు, నల్లటి కాళ్లు. పక్కనే గోధుమరంగు దూడ.

ఇవి నిలబడ్డ నేల మీదే, జిద్దత్ అల్ హరాసీస్ అనే ఎడారి మైదానంలో, 1972లో అడవిలో మిగిలిన చివరి ఓరిక్స్‌లను వేటగాళ్లు చంపేశారు. జాతి మొత్తం పోకుండా కాపాడింది అమెరికాలోని ఫీనిక్స్ జూలో 1960ల మొదట్లో తొమ్మిదింటితో మొదలైన మంద. వాటి సంతానాన్ని ఇక్కడికి తెచ్చి, ముందు కంచెలో ఉంచి, ఒక మందగా కలిశాకే 1982లో ఈ ఎడారిలోనే యలూనీ అనే చోట వదిలారు. కాపలా ఇక్కడి హరాసీస్ తెగవాళ్లదే. నీళ్లు లేకపోయినా పొగమంచుకు తడిసిన గడ్డితో నెలల తరబడి బతికేస్తాయట!

1996 నాటికి 450 అయ్యాయి. అక్కడి నుంచి మళ్లీ దొంగవేట. బతికున్నవాటిని పట్టి అమ్ముకోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. 2007కి 65 మిగిలాయి. అభయారణ్యాన్ని కూడా 90 శాతం కుదించడంతో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలోంచి తీసేసింది.

మా ఊళ్లో అమ్మకి వీడియో కాల్‌లో ఆ దూడని చూపించాను. "పాలు తాగిందా?" అని అడిగింది. అప్పుడే తాగుతోంది.