ఏం వదులుకుంటున్నావని అడిగినందుకు

ఈస్టరుకు ముందు ఉపవాస ప్రార్థనలతో గడిపే నలభై దినాల శ్రమకాలంలో ఈసారి ఏం వదులుకుంటున్నావని, ఆ కాలం మొదలయ్యే భస్మ బుధవారానికి ముందు రోజు రాత్రి మా పదమూడేళ్ల అమ్మాయిని అడిగాను. "ఒకటి అనుకున్నాను, కానీ చెప్పను" అంది. చెప్పకపోతే ఎలా, మేమూ నీకోసం ప్రార్థన చేయాలి కదా అన్నాను. "రహస్యంగా ఉండాలని యేసుప్రభువే చెప్పాడు కదమ్మా. నీకు చెబితే నీకోసం చేసినట్టవుతుంది" అని తన గదిలోకి వెళ్లిపోయింది. మత్తయి సువార్త ఆరవ అధ్యాయాన్ని తనకు కంఠతా పట్టించింది నేనే. ఉపవాసమున్నప్పుడు ముఖం వాడ్చుకోవద్దనీ, తలకు నూనె రాసుకుని ముఖం కడుక్కోమనీ, ఆ ఉపవాసం తండ్రికి తప్ప మనుషులకు కనిపించనవసరం లేదనీ చెప్పే ఆ మాటలకు నా దగ్గర ఎదురు మాట లేదు.

అయినా తెలుసుకోవాలనే ఉంది, ఇప్పటికీ.

నేను పెరిగింది గుంటూరు జిల్లాలో మార్టిన్ లూథర్ బోధను అనుసరించే ఒక లూథరన్ కుటుంబంలో. 1842లో అమెరికా మిషనరీ హయ్యర్ అయ్యగారు గుంటూరుకు వచ్చి మొదలుపెట్టిన సంఘంలో తరతరాలుగా ఉన్న ఇల్లు మాది. శ్రమకాలం వస్తే ఏం వదులుకోవాలని మా ఇంట్లో ఎవరూ ఎవరినీ అడిగేవారు కాదు. నీచు ఆగిపోయేది. పెళ్లి మాటలు ఈస్టరు తర్వాతకి వాయిదా పడేవి. శుక్రవారం పెద్దవాళ్లు పొద్దు వాలేదాకా పచ్చి మంచినీళ్లతో ఉండి, గుడిలో సిలువ ధ్యానాలు ముగించుకుని వచ్చాక గంజి తాగేవారు. మంచి శుక్రవారం నాడు పన్నెండు నుంచి మూడింటి వరకు యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల ఆరాధనలో తెల్ల చీరలు కట్టుకుని, తలలో పూలు లేకుండా కూర్చున్న ఆడవాళ్ల వరసలు చూస్తూ పెరిగిన నాకు, శ్రమకాలం అంటే ఊరంతా కలిసి దిగే ఒక కాలమే తప్ప, ఒక్కొక్కరూ విడివిడిగా తేల్చుకునే విషయమని తోచలేదు. మావారిది ఒంగోలు వైపు, అమెరికా మిషనరీ క్లౌ దొరగారి కాలం నుంచీ బాప్టిస్టులు. వాళ్లింట్లో మట్టల ఆదివారం, మంచి శుక్రవారం, ఈస్టరు ఉండేవి గానీ నలభై దినాల లెక్క లేదు. బైబిల్లో లేని లెక్క మనకెందుకనేవారట మా మామగారు. కాబట్టి పిల్లలకు "మన పద్ధతి" అని నేను దేన్ని చూపించినా, అది సగం ఇంటి పద్ధతే.

ఇక్కడ అమెరికాలోని మిల్వాకీలో శ్రమకాలం వేరే రూపంలో కనిపిస్తుంది. పధ్నాలుగేళ్లు నిండిన కతోలికులు శ్రమకాలపు శుక్రవారాల్లో మాంసం ముట్టకూడదు. పద్దెనిమిది నుంచి యాభై తొమ్మిదేళ్ల లోపు వారు భస్మ బుధవారం, మంచి శుక్రవారం నాడు ఒక్క పూటే పూర్తి భోజనం చేయాలి, మిగతా రెండు పూటలూ కొద్దిగా తిన్నా ఆ రెండూ కలిపి ఒక భోజనమంత కాకూడదు. మాంసానికే గానీ చేపకు నిషేధం లేదు గనుక శుక్రవారం వస్తే చర్చి హాళ్లలోనూ హోటళ్లలోనూ పిండిలో ముంచి వేయించిన కాడ్ చేప, క్యాబేజీ సలాడ్, రై రొట్టె, బంగాళాదుంప అట్లు వడ్డిస్తారు. 1962లో సిన్సినాటిలో కతోలికులు ఎక్కువగా ఉన్న ప్రాంతంలోని ఒక మెక్‌డొనాల్డ్స్ యజమాని, శుక్రవారాల్లో పడిపోతున్న బేరాన్ని నిలబెట్టుకోవడానికి చేప శాండ్‌విచ్ తయారుచేస్తే, అది తర్వాత అంతటా అమ్ముడయ్యే సరుకైంది. కతోలికుల నియమాన్ని నేను గౌరవిస్తాను. కానీ మామూలు రోజుల్లో చేపల పులుసు కోసం ఆదివారం దాకా ఎదురుచూసిన ఇంటిదాన్ని. చేప తిని మాంసం మానేశామని చెప్పుకోవడం మా పిల్లలకు నేర్పించలేను. అది మాకు విందు.

మరి ఏం వదులుకోవాలి? ఈ ఊళ్లోని తెలుగు కుటుంబాల్లో ఎవరైనా అడిగితే ఇన్నాళ్లూ నేను ఒకటే చెబుతూ వచ్చాను: వదిలినది ఎవరికో ఒకరికి చేరాలి. ఈ మాట నాకు మా నాయనమ్మ నుంచి వచ్చింది. ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి పక్కనున్న చిన్న కుండలో వేసేది, ఆదివారం ఆ బియ్యం గుడికి వెళ్లేవి. శ్రమకాలంలో దీనికి తోడు, శుక్రవారం తాను మానేసిన పూటకు పట్టే బియ్యాన్ని కూడా కొలిచి అందులోనే పోసేది. తన కడుపులోకి వెళ్లనిది ఇంటి డబ్బాలో మిగిలిపోతే అది ఉపవాసం కాదు, పొదుపు అనేది. ఆకలిగొన్నవాడికి నీ ఆహారం పెట్టడమే నేను కోరే ఉపవాసమని యెషయా యాభై ఎనిమిదో అధ్యాయంలో దేవుడు చెప్పిన మాటను ఆమె చదివి నేర్చుకోలేదు, ఆమెకు చదువు రాదు. గుడిలో విన్నది, ఇంట్లో చేసింది.

అమెరికాకు వచ్చిన కొత్తలో ఒక కతోలిక స్నేహితురాలి భోజనాల బల్ల మీద అట్టతో చేసిన చిన్న డబ్బా చూశాను. రైస్ బౌల్ అంటారు. 1975లో పెన్సిల్వేనియాలోని ఆలెన్‌టౌన్‌లో, ఆఫ్రికాలో కరువు పీడిస్తున్న రోజుల్లో మొదలైన పద్ధతి అది. సాదా భోజనం చేసి మిగిల్చిన డబ్బును అందులో వేస్తారు, వచ్చిన దానిలో నాలుగో వంతు స్థానిక పేదల కోసం ఉంచి మిగతాది ఇతర దేశాలకు పంపుతారు. దాన్ని చూసి నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు. మేం లూథరన్లమైనా మా వంటింట్లోనూ ఆనాటి నుంచి అలాంటి డబ్బా ఒకటి ఉంది. మానేసిన పిజ్జా, మానేసిన కాఫీ, కొనకుండా ఆగిన చొక్కా, అన్నింటి ఖరీదూ అందులోకే. పిల్లలకు నాయనమ్మ కుండ కథ చెప్పి మరీ పెట్టాను.

మా అమ్మాయి స్నేహితురాళ్లు వదులుకునేవి వింటే మాత్రం నాకు భయం వేస్తుంది. ఒకరు చక్కెర, ఒకరు రొట్టె, ఒకరు సాయంత్రం ఆరు దాటాక ఏమీ తినకపోవడం. పదమూడేళ్ల ఆడపిల్లల మధ్య ఈ మాటలు దేవుడి కోసం మొదలై అద్దం ముందు ఆగే ప్రమాదం ఎంత ఉందో తల్లులందరికీ తెలుసు. మా అమ్మాయి రహస్యం నన్ను నిజంగా కలవరపెట్టింది ఇక్కడే. ఆమె వదిలినది ఫోనులో చూసే వీడియోలో, నోరు జారి అనే మాటలో అయితే నాకు తెలియకపోయినా ఫరవాలేదు. అన్నమే అయితే? మొదటి వారమంతా తన పళ్లెం వైపు చూస్తూ ఉన్నాను. చివరికి మావారూ నేనూ మాట్లాడుకుని ఒక్క నియమం పెట్టాం. ఏదైనా దాచుకో, కానీ భోజనం మానే విషయం మాత్రం దాచకూడదు, పెరిగే ఒంటికి ఆ పూట కావాలి, పెద్ద సంఘాలే పిల్లలను ఉపవాసం నుంచి మినహాయించాయి. "అన్నం కాదమ్మా" అని వెంటనే చెప్పింది. అంతకుమించి ఒక్క అక్షరం చెప్పలేదు. ఆ నియమం విషయంలో నాకు ఏ సందేహమూ లేదు. తల్లిదండ్రులందరూ అది పెట్టాలనే అంటాను.

సందేహాలు మిగతావాటి మీద.

2026లో భస్మ బుధవారం ఫిబ్రవరి 18న వచ్చింది, రంజాన్ కూడా ఆ వారంలోనే మొదలైంది. మా అమ్మాయి తరగతిలో ఒక ముస్లిం అమ్మాయి మధ్యాహ్న భోజన సమయంలో గ్రంథాలయంలో కూర్చుంటుందట. "తనకు ఏం వదలాలో ఆలోచించే పని లేదు. వాళ్లింట్లో అందరూ ఒకటే చేస్తారు. నాకు మాత్రం ప్రతి సంవత్సరం పరీక్షలా ఉంటుంది" అంది ఒక రోజు కారులో. ఆ మాట నన్ను వదల్లేదు. మా వీధిలోని మలయాళీ సిరియన్ క్రైస్తవులు యాభై దినాల నోంబు, అంటే ఉపవాసం, పాటిస్తారు. మాంసం, చేప, పాలు, గుడ్లు ఏవీ ఉండవు, ఆ ఇంటి పిల్లలు ఏదీ ఎంచుకోరు. మా నాయనమ్మ కాలంలో మాకూ అంతే. నలుగురూ ఒకే సమయంలో ఒకే ఆకలితో ఉండడంలో ఒక తోడు ఉంది. ఎంచుకునే స్వేచ్ఛ మా పిల్లలకు ఇచ్చాం గానీ ఆ తోడును ఇవ్వలేకపోయాం. తలుపు మూసుకుని ఒంటరిగా తేల్చుకునే పిల్లను చూసి, ఇది భక్తిలో ఎదగడమా, లేక ఊరు లేని పిల్ల చేసుకునే సర్దుబాటా అని అనిపిస్తుంది.

మరోవైపు ఆమె చేస్తున్నది, అంటే ఎవరూ విధించకుండా తానే తేల్చుకోవడం, లూథరన్ బోధలోని అసలు మాటే. శ్రమకాలపు మాంస నిషేధం మీద సంస్కరణ కాలంలో ఎంత పోరు నడిచిందో గుడిలో పిల్లలకు విశ్వాస పాఠాలు చెప్పే కన్ఫర్మేషన్ తరగతిలో వినివచ్చింది. 1522లో జ్యూరిక్ నగరంలో శ్రమకాలం మధ్యలో కొందరు కావాలనే సాసేజీలు తిని గొడవకు దిగిన సంగతి నాకు ఉత్సాహంగా చెప్పింది. 1529లో లూథర్ రాసిన చిన్న ప్రశ్నోత్తరావళిలో ఉపవాసం మంచి బాహ్య క్రమశిక్షణే అని ఉంది. కానీ ప్రభువు బల్లకు, అంటే రొట్టె ద్రాక్షారసాల సంస్కారానికి, యోగ్యులను చేసేది విశ్వాసమే అని ఆ వెంటనే ఉంది. ఈ ప్రశ్నోత్తరాలు నేనూ చిన్నప్పుడు తెలుగులో అప్పజెప్పినదాన్నే. అప్పజెప్పి ఇంటికొచ్చి, నీచు ముట్టకుండా, ఎందుకని అడగకుండా శ్రమకాలం గడిపాను. పైగా ఇక్కడి గుడిలో భస్మ బుధవారం నాడు, నిరుటి మట్టల ఆదివారపు మట్టలను కాల్చిన బూడిదతో అయ్యగారు నుదుట సిలువ గుర్తు పెడతారు. మా ఊరి గుడిలో నేను అది చూడలేదు. ముఖం కడుక్కోమనే సువార్త భాగాన్ని చదివిన ఆరాధనలోనే ముఖాన బూడిద పెట్టించుకుని బయటికి నడవడం ఏమిటని మా అమ్మాయి అడిగితే, మట్టినుంచి వచ్చామని గుర్తుచేసుకోవడానికి అన్నాను. అది నిజమే. ఆమె అడిగినదానికి అది జవాబు కాదని కూడా ఇద్దరికీ తెలుసు.

మా తొమ్మిదేళ్ల అబ్బాయి లోకం వేరు. వాడు చాక్లెట్ వదిలాడు, అందరికీ చెప్పాడు, క్యాలెండరులో గుర్తులు పెడుతున్నాడు. భస్మ బుధవారం నుంచి ఈస్టరు ముందు రోజు వరకు లెక్కిస్తే నలభై ఆరు రోజులు వస్తున్నాయి, నలభై అని ఎందుకంటున్నారని పట్టుబట్టాడు. ఆదివారం పునరుత్థాన దినం గనుక ఆరు ఆదివారాలను ఉపవాసపు లెక్కలో కలపరని వాళ్ల నాన్న చెప్పగానే, అయితే ఆదివారం చాక్లెట్ తినవచ్చా అన్నాడు. తాతతండ్రులు బాప్టిస్టులైనా ఆ లెక్క బాగానే వివరించారు మావారు. మా పుట్టింట్లో ఆదివారాలు కూడా విరామం ఉండేది కాదని నేను, సంఘం ఇచ్చిన సెలవును మనం ఎందుకు లాక్కోవాలని ఆయన. చివరికి వాడు ఆదివారం తింటున్నాడు. సోమవారం పొద్దున మళ్లీ మానుకోవడం నలభై రోజులు వరసగా మానడం కంటే కష్టంగా ఉందని వాడే చెప్పాడు. దీన్నిబట్టి ఏ పద్ధతి మంచిదో తేల్చలేను.

నేను తేల్చుకోలేని అసలు ప్రశ్న ఒకటుంది. వదులుకోవడం మనసులోంచి రావాలని పిల్లలకు చెబుతున్నాను. కానీ నా విషయంలో అది మనసులోంచి మొదలవ్వలేదు. పెద్దవాళ్లు చేయించారు, చేశాను, ఎన్నో ఏళ్ల తర్వాత ఎప్పుడో దాని వెనకున్న ప్రభువు ప్రేమ నాకు అందింది. ఆ బలవంతపు ఏళ్లు లేకపోతే ఈ ఇష్టం వచ్చేదా? పిల్లలకు ఆ ఏళ్లు ఇవ్వకుండా ఇష్టాన్ని మాత్రమే అడుగుతున్నానా? "నువ్వు ఎంచి ఇస్తే అది నేను వదిలినట్టు కాదు, నువ్వు తీసేసుకున్నట్టు" అని మా అమ్మాయి నిరుడు అన్నప్పుడు నాకు నచ్చింది, ఇప్పటికీ నచ్చుతుంది. అదే సమయంలో, ఏమీ తీసుకోని తల్లి దగ్గర పెరిగిన పిల్లకు వదలడానికి చేతికి ఏదైనా అలవాటు ఉంటుందా అన్న దిగులూ ఉంది. మావారు నాకంటే తేలిగ్గా ఉంటారు. నలభై దినాలు లేకుండానే ఆయన దేవుణ్ని ఎరిగారు, పిల్లలకూ దారి దొరుకుతుందంటారు. ఆయన మాట నమ్మాలని ప్రార్థన చేస్తున్నాను.

ఈ ఏడాది అందరం కలిసి చేసేది ఒక్కటైనా ఉండాలని, శుక్రవారం రాత్రి భోజనం మార్చాం. గంజి, ఉల్లిపాయ, మామిడికాయ పచ్చడి. అబ్బాయి మొదటి వారం ముఖం చిట్లించి, రెండో వారం ఇంకొంచెం అడిగాడు. ఆ రాత్రి మామూలుగా అయ్యే వంట ఖర్చును డబ్బాలో వేస్తున్నాం. ఆ డబ్బు ఎక్కడికి పంపాలన్నది పిల్లలే నిర్ణయించాలన్నాం. గుంటూరు దగ్గర మా నాన్నగారికి తెలిసిన పిల్లల హాస్టలుకు పంపాలని నా కోరిక, అది చెప్పాను కూడా. మా అమ్మాయి మాత్రం, తన బడిలోనే శుక్రవారం సాయంత్రం సంచిలో తిండి పెట్టించుకుని ఇంటికి వెళ్లే పిల్లలున్నారనీ, వాళ్లను రోజూ చూస్తూ చూడని ఊరికి పంపడం తనకు అర్థం కాదనీ అంటోంది. అబ్బాయి సగం సగం అంటున్నాడు. ఈస్టరు లోపల ఈ వాదన తేలాలి.