అలిగే స్పీకర్

రాత్రి పదకొండున్నర దాటింది. పడుకుందామనే వెళ్ళాను. లైటు తీసేశాక చూస్తే గోడంతా నీలం. స్పీకర్ ముందున్న ఆ చిన్న దీపం, మినపగింజంత కూడా ఉండదు, గది మొత్తాన్ని అక్వేరియం చేసి పెట్టింది. అటు తిరిగి పడుకుంటే అద్దంలో కనిపిస్తోంది. లేచి వచ్చేశాను.

స్పీకర్ వచ్చి నాలుగు రోజులు. నచ్చకపోతే శనివారంలోగా వెనక్కి పంపెయ్యొచ్చు. "ఉంచుతావో పంపుతావో తేల్చు" అని ఈయన రోజూ అడుగుతున్నారు. తేల్చడం నాకు చేతనైతే ఈ టపాలెందుకు రాస్తాను?

పాటలు వినే నా పాత ప్లేయర్ గురించి మీకు కొత్తగా చెప్పేదేముంది. ఫోన్‌లో పాటలు పెడితే పల్లవి అయ్యేలోపు ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు, అందుకే దాన్ని వదల్లేదు. 2001లో మొదటి ఐపాడ్ వచ్చినప్పుడు 5 జీబీలో వెయ్యి పాటలు పడతాయంటే అందరూ నోరెళ్ళబెట్టారు. నా దాంట్లో అంతకు రెండింతలున్నాయి, తిప్పి తిప్పి వినేవి మాత్రం ఓ నలభై. దీనికి బ్లూటూత్ లేదు కాబట్టి వైరు పెట్టాల్సిందే. ఈ స్పీకర్‌కి వైరు దూర్చే కన్నం ఉందన్న ఒక్క కారణంతో తెప్పించాం. ఈయన మాత్రం అట్టపెట్టె మీద వాట్లు చూసి మురిసిపోయారు. వాట్లు రెట్టింపయినా మోత కొలతలో పెరిగేది 3 డెసిబెల్సే, చెవికి రెట్టింపు మోత అనిపించాలంటే ఇంచుమించు పదింతల పవర్ కావాలి అని చెప్పబోయాను. అప్పటికే ఆయన పేపర్లో తల దూర్చేశారు.

అసలు గొడవ వాట్లది కాదు, అలకది.

మధ్యాహ్నం పూట అత్తయ్య వేణువు వింటారు. పెద్ద చప్పుడు ఆవిడకి పడదు, పక్కగదిలో ఎవరో వాయిస్తున్నట్టుండాలి. సోమవారం ఆలాపన సాగుతోంది. పది నిమిషాలయిందో లేదో, 'టుంగ్' అని ఓ చప్పుడు చేసి స్పీకర్ ఆగిపోయింది. నేను పరిగెత్తుకెళ్ళి మీట నొక్కాను. మళ్ళీ కాసేపటికి టుంగ్. మూడోసారి అత్తయ్య కళ్ళు తెరవకుండానే, "పాపం, ఆయన ఊపిరి తీసుకునేలోగా ఇది ప్రాణం వదిలేస్తోందమ్మా" అన్నారు. మంగళవారమూ అంతే. బుధవారం నేను పని మానేసి దాని పక్కనే కుర్చీ వేసుక్కూర్చున్నాను, జ్వరమొచ్చిన పిల్ల పక్కన కూర్చున్నట్టు. పాట వస్తోందో లేదో కూడా తెలియని యంత్రానికి స్పీకర్ అని పేరెందుకు? పైగా ఆగిపోయేముందు ఆ టుంగ్ ఒకటి, వేణువు కంటే నాలుగింతలు గట్టిగా! బ్యాటరీ ఆదా చెయ్యడానికట. ఎవరడిగారు?

దీనికితోడు పాటకీ పాటకీ మధ్య సుయ్‌మని ఒకటే హోరు. బుధవారం సాయంత్రానికి అట్టపెట్టె అటక మీంచి దించేశాను.

బాస్, అదే లోతు శబ్దం, దాని సంగతి కూడా చెప్పాలి. రెండంగుళాల స్పీకర్ ముక్కలు రెండు, జానెడు దూరంలో. వాటిలో అదిరే అంత చిన్న కాగితం ఎంత గాలిని తొయ్యగలదు? మృదంగం ఎడమ వైపు దెబ్బ పడితే కడుపులో తగలాలి, ఇక్కడ మాత్రం పైపైన గోకినట్టు వినిపిస్తుంది. కొన్నిసార్లు లోతు వినపడుతున్నట్టే ఉంటుంది, అది మన చెవి చేసే కనికట్టు. స్వరంతోపాటు మోగే పై స్వరాంశాలు అందితే చాలు, అడుగున లేని స్వరాన్ని బుర్రే పూరించుకుంటుంది. కుడి ఎడమల తేడా సంగతి సరేసరి, రెండడుగులు వెనక్కి జరిగితే రెండూ కలిసి ఒకే ముద్ద.

నాన్న టేప్ రికార్డర్ గుర్తొచ్చింది. రెండు పక్కలా స్పీకర్లు ఊడొచ్చేవి దానికి. ఆదివారం పొద్దున్న నాన్న వాటిని ఊడదీసి, వైర్లు ఎంత సాగితే అంత దూరంగా గదికి ఆ చివరొకటి ఈ చివరొకటి పెట్టేవారు. తర్వాత చాప పరిచి నన్ను సరిగ్గా మధ్యలో కూర్చోబెట్టి, "కదలకు" అనేవారు. ఎడం పక్క వయొలిన్, కుడి పక్క మృదంగం, నా ముక్కుకెదురుగా, ఏమీ లేని గోడ దగ్గర, పాడే మనిషి! నేను లేచి వెళ్ళి ఆ గోడని తడిమి చూశాను కూడా. నాన్న నవ్వలేదు. "కదిలితే ఆయన వెళ్ళిపోతాడు, చెప్పానా" అన్నారు. ఓసారి స్పీకర్లు అటువి ఇటు మార్చి పెట్టాను, కనుక్కుంటారో లేదోనని. మొదటి దరువుకే తలెత్తి, "మృదంగం ఆయన ఇవాళ అటు కూర్చున్నాడేమిటే" అన్నారు. తర్వాత్తర్వాత ఒక స్పీకర్ పోయింది. మిగిలినదాన్ని మూల బీరువా మీదికెక్కించారు. గోడలూ కప్పూ దగ్గరగా ఉంటే నాలుగు వైపులా చెదిరిపోయే లోతు శబ్దం గదిలోకే తిరిగొస్తుందని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. నాన్న ఎక్కడా చదివి ఉండరు. చెవి పెట్టి, అటూ ఇటూ జరిపి, అక్కడ ఆగారంతే.

అట్టపెట్టెలో సర్దుతూ ఉండగా చిన్నది వచ్చి ప్లేయర్ తీసుకుంది. "అమ్మా, ఇందులో సౌండ్ పావు కూడా పెట్టలేదేంటి?" అంది.

నిజమే. నాలుగు రోజులుగా ప్లేయర్‌లో తగ్గించి, స్పీకర్‌లో పూర్తిగా పెంచి పెడుతున్నాను! వైరులో వెళ్ళేదే బలహీనమైన శబ్దం. పాట రావట్లేదనుకుని అది నిద్రపోతోంది. హోరు కూడా అందుకే, లోపలి రొదని కూడా పాటతో పాటు పెంచుతోంది మరి. ప్లేయర్‌ని ముప్పావు వంతుకి పెంచి స్పీకర్ తగ్గించాను. ఇవాళ మధ్యాహ్నం వేణువు గంటన్నర సాగింది, ఒక్క టుంగ్ లేదు. ఇన్ని తిట్లు తిట్టి ఇప్పుడేం మొహం పెట్టుకుని చెప్పను? ఈయనకి ఇంకా చెప్పలేదు.

సాయంత్రం దాన్ని మూల బీరువా మీద పెట్టి చూశాను. మృదంగం కడుపులో తగల్లేదు గానీ, కనీసం గోకడం మానింది. ఫరవాలేదు, ఉంచేద్దాం అనుకున్నాను.

అనుకున్నానా, చార్జర్ వైరు బీరువా దాకా అందదు. అందుకని రాత్రిళ్ళు కిందికి దిగి, మంచం పక్కన ప్లగ్గు దగ్గరే పడుకోవాలి అది. చార్జింగ్ నిండినా సరే, ప్లగ్గులో ఉన్నంతసేపూ ఆ దీపం ఆరదు. నల్ల టేపు అంటిద్దామంటే చిన్నది స్కూలు ప్రాజెక్టుకి వాడేసింది. ఈయన జేబురుమాలు తీసి నాలుగు మడతలు పెట్టి కప్పి వచ్చాను. ఇక్కడి నుంచే కనిపిస్తోంది, జేబురుమాలు నీలంగా వెలుగుతోంది.