బెయిల్ వచ్చినా జైల్లోనే

జైలు సంస్కరణలు అనగానే కొత్త బ్యారక్‌లు కట్టాలి, తిండి బాగుండాలి, పని నేర్పాలి అంటారు, అవన్నీ కావాల్సినవే, నేను కాదనను. కానీ ముందు లోపల ఉన్నదెవరో చూడండి. ఎన్‌సీఆర్‌బీ (కేంద్రం నడిపే జాతీయ నేర గణాంకాల సంస్థ) లెక్కల్లో 2022 చివరికి దేశంలోని జైళ్ళలో 5,73,220 మంది ఉంటే అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలే, అంటే నలుగురిలో ముగ్గురి మీద నేరం ఇంకా రుజువే కాలేదు. వంద మంది పట్టే చోట అప్పుడు 131 మందిని ఉంచారు.

వీళ్ళలో బెయిల్ వచ్చేసి కూడా బయటికి రాలేనివాళ్ళు ఉన్నారు, నాకు అన్నిటికన్నా బాధ అనిపించేది అదే. ఆర్డర్‌లో ఇంత మొత్తానికి ఇద్దరు ష్యూరిటీలు (జామీను, అంటే పూచీ పడేవాళ్ళు) అని రాస్తారు, ఇల్లో పొలమో ఉన్నవాళ్ళు కాయితాలు పట్టుకొని కోర్టుకొచ్చి సంతకం పెట్టాలి, వేరే రాష్ట్రం నుంచి కూలికొచ్చినవాడికి ఈ ఊళ్ళో ఎవరు పెడతారు చెప్పండి? 1978లో ఇలాంటి కేసే సుప్రీంకోర్టుకి వెళ్ళింది. మధ్యప్రదేశ్‌లో ఒక తాపీమేస్త్రీని 10,000 రూపాయల జామీను అడిగారు, అతని సోదరుడు ముందుకొస్తే ఆస్తి వేరే జిల్లాలో ఉందని మేజిస్ట్రేటు ఒప్పుకోలేదు. జస్టిస్ కృష్ణయ్యర్ అది తప్పని చెప్పి 1,000 రూపాయల సొంత పూచీకత్తు మీద, అంటే వేరే ఎవరి జామీనూ లేకుండా అతని సంతకం మీదే, వదిలెయ్యమన్నారు. ఇన్నేళ్ళయినా కింది కోర్టుల్లో ఆ ష్యూరిటీల అలవాటు పోలేదు!

రూల్స్ లేక కాదు. 2023 జనవరిలో సుప్రీంకోర్టే చెప్పింది, బెయిల్ వచ్చాక 7 రోజుల్లో మనిషి విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంట్ పేదలకి ఉచితంగా లాయర్ని ఇచ్చే జిల్లా న్యాయసేవాధికార సంస్థకి తెలియజెయ్యాలని, నెలలోపు ష్యూరిటీ ఇవ్వలేకపోతే కోర్టు తనంతట తానే షరతు సడలించొచ్చని. అదే ఏడాది కేంద్రం పేద ఖైదీల బెయిల్ కోసం ఒక్కొక్కరికి 40,000 దాకా ఇచ్చే పథకం పెట్టింది. మంచిదే, కానీ డబ్బు లేక ఆగిపోయినవాడికి సర్కారు డబ్బు తెచ్చి కట్టే బదులు మొదటి రోజే సొంత పూచీకత్తు మీద వదిలితే సరిపోయేది కదా, ఈ కమిటీలూ ఫైళ్ళూ తిరిగేలోపు వాడి కూలి పోతుంది, ఇంట్లో పిల్లల చదువు ఆగిపోతుంది.

2024 జూలై 1 నుంచి సీఆర్‌పీసీ బదులు వచ్చిన కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్‌లో 479 సెక్షన్ కూడా ఉంది. ఇంతకు ముందు ఏ కేసులోనూ శిక్ష పడనివాళ్ళు గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం జైల్లోనే గడిపేస్తే బాండ్ మీద వదలాలి, ఉరిశిక్ష, యావజ్జీవం పడే కేసులకి మాత్రం ఇది వర్తించదు. అర్జీ సూపరింటెండెంటే పెట్టాలి, ఇది నిజంగా గొప్ప మార్పు. అయితే ఒకటికి మించి కేసులు పెండింగ్‌లో ఉంటే వదలరు, చిన్న చిన్న దొంగతనం కేసులు రెండు మూడు మీద పడ్డవాళ్ళంతా అక్కడే ఆగిపోతారు, ఆ మెలిక తీసెయ్యాలి.

మీకు తెలిసినవాళ్ళెవరైనా ఇలా లోపల ఉండిపోతే న్యాయసేవాధికార సంస్థ హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చెయ్యండి. కస్టడీలో ఉన్నవాళ్ళకి ఆదాయంతో పనిలేకుండా లాయర్ని ఉచితంగానే ఇస్తారు, ష్యూరిటీ షరతు తగ్గించమని ఆ లాయర్ చేతే పిటిషన్ వేయించొచ్చు.