క్లైబోర్న్ ఫారంలో ఒక పూట

అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో లెక్సింగ్టన్ నుంచి పారిస్ అనే ఊరికి వెళ్లే దారంతా గుర్రాల ఫారాలే. ఇక్కడ నేల కింద సున్నపురాయి. గడ్డిలో, నీళ్లలో కాల్షియం ఎక్కువని, గుర్రాల ఎముకలు గట్టిపడతాయని స్థానికుల నమ్మకం. వాటిలో ఒకటైన క్లైబోర్న్ ఫారం చూడాలంటే ముందుగా బుక్ చేసుకోవాలి.

1973లో ట్రిపుల్ క్రౌన్ (కెంటకీ డర్బీ, ప్రీక్‌నెస్, బెల్మాంట్ అనే మూడు పందేలూ ఒకే ఏడాది) గెలిచిన సెక్రటేరియట్ అనే రేసుగుర్రం సమాధి ఇక్కడే ఉంది. పేరున్న రేసుగుర్రం చనిపోతే మామూలుగా తల, గుండె, గిట్టలు మాత్రమే పూడుస్తారు. 1989లో దీన్ని మాత్రం నిండు శరీరంతో పూడ్చారు.

అక్కడ నిలబడితే నాకు దాని యజమానురాలు పెన్నీ చెనరీయే గుర్తొచ్చారు. తండ్రి మంచాన పడ్డాక వర్జీనియాలోని ‘ద మెడో’ ఫారం బాధ్యత ఆమె మీద పడింది. నష్టాల్లో ఉంది, అమ్మేద్దామన్నారు తోబుట్టువులు. ఆమె ఒప్పుకోలేదు. బోల్డ్ రూలర్ అనే మగగుర్రం యజమానులైన ఫిప్స్ కుటుంబంతో చెనరీలకో ఒప్పందం ఉండేది: ఆడగుర్రాలను దాటించినందుకు డబ్బు కట్టక్కర్లేదు, పుట్టిన పిల్లల్ని పంచుకోవాలి. 1969లో ఎవరు ముందు ఎంచుకోవాలో నాణెం ఎగరేసి తేల్చారు. పెన్నీ ఓడిపోయారు. గెలిచిన ఆగ్డెన్ ఫిప్స్ అప్పటికే పుట్టిన ఆడ గుర్రప్పిల్లను తీసుకున్నారు. అది ఒక్క పందెమూ గెలవలేదు. అదే తల్లి కడుపులో అప్పుడున్న పిల్ల పెన్నీ వాటాకు వచ్చింది. అదే సెక్రటేరియట్!

అదృష్టం ఒక్కటే అనుకుంటే బ్రీడర్ల కష్టం మనకు కనబడదు. థరోబ్రెడ్లలో (రేసుల కోసం పెంచే జాతి గుర్రాల్లో) కృత్రిమ గర్భధారణకు అనుమతి లేదు, ఆడగుర్రాన్ని మగగుర్రం దగ్గరికి తీసుకురావాల్సిందే. చూలు పదకొండు నెలలు. ఉత్తరార్ధగోళంలో ప్రతి గుర్రానికీ జనవరి 1నే వయసు ఒక ఏడాది పెరిగినట్టు లెక్క కాబట్టి, పిల్ల ఏడాది మొదట్లోనే పుట్టాలని అందరి ఆరాటం. మే నెలలో పుట్టింది తనకంటే నెలల పెద్దవాటితో పరుగెత్తాలి. జోడీ కుదిర్చిన రోజు నుంచి ఆ పిల్ల మూడేళ్ల వయసులో డర్బీలో దిగేదాకా దాదాపు నాలుగేళ్లు. అన్నాళ్లూ ఖర్చే, టెన్షనే.

1973 జనవరిలో పెన్నీ తండ్రి పోయారు. వారసత్వ పన్ను కట్టడానికి పెన్నీ సెక్రటేరియట్‌ని 32 వాటాలు చేసి, ఒక్కొక్కటి 1,90,000 డాలర్లకు అమ్మాల్సి వచ్చింది. ఆ ఏడాది చివర పందేలు మాన్పించి, సంతానం కోసం వాడాలన్నది షరతు. జూన్‌లో బెల్మాంట్ పందేన్ని 31 లెంగ్తుల (గుర్రపు పొడవుల) తేడాతో, 2 నిమిషాల 24 సెకన్లలో గెలిచింది. ఆ రికార్డు నేటికీ చెక్కుచెదరలేదు. అయినా షరతు షరతే, నాలుగేళ్ల వయసులో అది పరుగెత్తడం ఎవరూ చూడలేదు. ఆ లోటు తలుచుకుంటే నాకు నిజంగా బాధేస్తుంది.

సెక్రటేరియట్ పుట్టిన షెడ్డు వర్జీనియాలో ఇంకా ఉంది. తర్వాతి ప్రయాణం అక్కడికే.