నీరసానికి ఎన్ని మార్కులు?

"నీరసంగా ఉంది" అంటే మా ఇంట్లో వైద్యం మజ్జిగన్నం, ఆ తర్వాత రక్తపరీక్ష. హిమోగ్లోబిన్ బాగానే ఉంది, థైరాయిడూ అంతే. "క్లాసులో అరిచి అరిచి ఇలా అయ్యావమ్మాయ్" అని మా అత్తగారు తేల్చేశారు.

గుంటూరు బ్రాడీపేటలో ఓ స్కూల్లో లెక్కలు చెబుతాను. మొదటి పీరియడ్‌కి హుషారే. నాలుగో పీరియడ్‌కి బోర్డు మీద చెయ్యి నిలిచేది కాదు. సాయంత్రానికి ఎడమ కనురెప్ప వాలిపోయేది, మాట ముద్దగా వచ్చేది. తెల్లారితే మళ్ళీ మామూలే. నేనేమో డాక్టర్ల దగ్గరికి పొద్దున్నే వెళ్ళేదాన్ని. ఇక వాళ్ళకేం కనిపిస్తుంది!

చివరికి ఒక న్యూరాలజిస్టు సాయంత్రం రమ్మన్నారు. చేతులు ముందుకు చాపించి ఫోన్‌లో టైమ్ చూశారు. నాలుగు నిమిషాలు నిలపాలట. నా కుడిచెయ్యి 70 సెకన్లకే దిగిపోయింది. యాభై దాకా పైకి లెక్కపెట్టమన్నారు. లెక్కల టీచర్ని, ముప్పై దాటేసరికి గొంతు ముక్కులోకి పోయింది. తర్వాత నరానికి వరసగా చిన్న కరెంటు షాకులు ఇస్తే, కండరం స్పందన ఒకదాని తర్వాత ఒకటి తగ్గుతూ వచ్చింది. జబ్బు పేరు మయస్తీనియా గ్రేవిస్. కండరం కదలమని నరం పంపే కబురు అందే చోటుని మన ఒంట్లోని యాంటీబాడీలే పాడుచేస్తాయట. ఈ జబ్బుతో సంబంధముండే థైమస్ గ్రంథి ఛాతీలో ఉంటుంది, దాని కోసం సీటీ స్కాన్ కూడా తీశారు, అందులో ఏమీ లేదు.

మందు మొదలుపెట్టే ముందు ఓ కాగితం ఇచ్చారు, ఫెటీగ్ సివియారిటీ స్కేల్, అంటే అలసట ఎంతుందో కొలిచే ప్రశ్నపత్రం. తొమ్మిది వాక్యాలు, ఒక్కోదానికి 1 నుంచి 7 మార్కులు. సగటు 4 దాటితే అలసట ఎక్కువున్నట్టే. నాకు 55 వచ్చాయి, అంటే 6.1. నరం కబురు కండరానికి బాగా అందేలా చేసే పిరిడోస్టిగ్మిన్, దాంతోపాటు స్టెరాయిడ్ వాడిన ఆరు నెలలకి చెయ్యి మూడు నిమిషాలు నిలిచింది. కాగితం మీద మాత్రం 4.9. చెయ్యి అంత బాగుపడితే ఇదేంటని అడిగాను. "కండరం అలిసిపోవడం వేరు, మీకు అనిపించే అలసట వేరమ్మా. నిద్ర, దిగులు అన్నీ కలుస్తాయి. అందుకే రెండూ కొలుస్తాం" అన్నారు.

సరే గానీ, ఆ కాగితం మీద నాకో ఫిర్యాదుంది. గడిచిన వారం మొత్తాన్నీ కలిపి అడుగుతుంది. నా జబ్బుకి వారం కాదు, గంట ముఖ్యం. ఉద్యోగం, ఇల్లు, నలుగురిలో తిరగడం, మూడూ ఒకే వాక్యంలో కుక్కేశారు. నా క్లాసులో అలాంటి ప్రశ్నిస్తే పిల్లలు ఊరుకోరు.

నా కొలత నాకుంది, జడ. జబ్బు ముదిరినప్పుడు మూడు పాయలు తీసేలోపే చేతులు పడిపోయేవి, అత్తగారే అల్లేవారు. ఇప్పుడు నేనే వేసుకుంటున్నాను. ఇవాళ మధ్యలో ఒక్కసారే ఆగాను.